మూడో సంతకం

బొల్లేపల్లి శశికాంత్ ఇంట్లో రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతాడో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో సగం ‘ఊఁ’లు. మిగిలిన సగంలో ‘తర్వాత చూద్దాం’ అన్నదే ఎక్కువసార్లు వినిపిస్తుంది. అలాంటి మనిషి గరాజ్‌లోకి వెళ్లి, రేడియో ముందు కూర్చుని, మైకు బటన్ నొక్కాడంటే మాత్రం ఇక ఆపడం బ్రహ్మతరం కాదు. కెంటకీలో ఎవరో కోళ్లఫారం పెద్దాయనతో వానల గురించి ఇరవై నిమిషాలు, పోర్చుగల్‌లో ఒక పళ్ల డాక్టరుతో యాంటెనా తీగ పొడవు గురించి అరగంట. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇతనికి పొరుగు ఖండం పుల్లకూర కూడా రుచే.

దీన్ని హామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు, సొంత రేడియోలతో గాలిలో కబుర్లు చెప్పుకునే సరదా. ఒక్కొక్కరికీ ఒక కాల్‌సైన్ ఉంటుంది, కొన్ని అక్షరాలూ మధ్యలో ఒక అంకె కలిపి. ఆ కాల్‌సైన్ చెప్పకుండా ఎవరూ నోరు విప్పకూడదు. జేబులో ఫోన్ ఉండగా ఈ తద్దినం ఎందుకని శశికాంత్‌ని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. అతను చిన్నగా నవ్వి ఊరుకుంటాడు. హెర్న్‌డన్‌లో అతను పనిచేసే ఆఫీసు తాలూకు గొడవలు, వీసా గొడవలు, గ్రీన్‌కార్డు గొడవలు ఆ గరాజ్ తలుపు దాటి లోపలికి రావని అతని భార్య నళినికి తెలుసు. అందుకే ఆ రేడియోని ఆమె ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు.

అనలేదు గానీ, గోడ ఇవతల వంటింట్లో చపాతీలు వత్తుతూ వినేది. అవతల మొగుడు పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు తనతో నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకునేది. భోజనానికి పిలిస్తే అతను మైకులో ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, మా ఎక్స్‌వైఎల్ పిలుస్తోంది, సెలవు తీసుకుంటున్నాను అని. ఆ ఎక్స్‌వైఎల్ ఎవరని ఒకరోజు నిలదీసింది. నీళ్లు నమిలి చెప్పాడు. తంతి రోజుల నాటి పొట్టి మాటలట. పెళ్లికాని అమ్మాయి అయితే వైఎల్, అంటే యువతి. పెళ్లాం అయితే ముందు ఎక్స్ చేరుతుంది. ఒకప్పటి యువతి అన్నమాట.

“నాకింకా ముప్పై ఎనిమిదేనండీ,” అంది నళిని.

“అది కస్టమ్ నళినీ. అందరూ అలాగే అంటారు,” అన్నాడు శశికాంత్ అమాయకంగా. నిజంగానే అమాయకంగా. అతనిలో వంకర లేదు. అదే అతనితో వచ్చిన చిక్కు.

నళిని ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఏడేళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి. ఆమె క్లాసులో వెనక బెంచీ కూడా నిద్రపోయేది కాదు. ఐదేళ్ల కిందట కూతురు భవితని తీసుకుని ఇక్కడికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆమె ‘డిపెండెంట్’. పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద తన ఫొటో పక్కన మొగుడి పేరు. డ్రైవింగ్ లైసెన్సు గడువు మొగుడి వీసా గడువుతో కట్టేసి ఉంటుంది. ఇంటి లీజు మొగుడి పేరున, బ్యాంకు ఖాతాలో ముందు మొగుడి పేరు, ఇన్సూరెన్సు కార్డు మీద అతని నంబరే. ఆ కాగితాలన్నీ అతను బయటికి వెళ్లినప్పుడల్లా చంకలో పెట్టుకెళ్లే ఒక ఫైలులో ఉంటాయి. ఉద్యోగం చేయాలంటే అతని గ్రీన్‌కార్డు కాగితం ఒకటి కదలాలి. అది ఎక్కడ ఇరుక్కుందో లాయరుకే సరిగ్గా తెలియదు. పోనీ ఇక్కడి టీచర్ కోర్సుకి కడదామా అంటే, ఈ వీసా ఎక్స్‌టెన్షన్ అవనీ, తర్వాత చూద్దాం అంటాడు. అతని భయం అతనిది. వీసా రాకపోతే సగంలో వదిలేసి పోవాల్సి వస్తుందని. ఆ భయం అర్థమయ్యే కొద్దీ ఆమెకి కోపం రావడం తగ్గింది. అడగడమూ తగ్గింది.

ఆ చలికాలం ఒకరోజు గరాజ్ సర్దుతుంటే అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది. హామ్ లైసెన్సు మొదటి మెట్టు పరీక్షకి చదివే పుస్తకం. నిలబడే నాలుగు పేజీలు తిప్పింది. ఓమ్ సూత్రం. కరెంటు, వోల్టేజి, రెసిస్టెన్సు. పాత స్నేహితురాలు ఎదురైనట్టయింది. ఇంకో పేజీలో ఈ పరీక్ష ఎవరు రాయవచ్చో ఉంది. ఎవరైనా రాయవచ్చు. పౌరసత్వం అక్కర్లేదు. వయసు పట్టింపు లేదు. స్పాన్సర్ ఉండనక్కర్లేదు. వీసా ఏమిటని అడగరు, మొగుడెవరని అడగరు. నళిని ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఈ దేశంలో తన పేరు మీద, తన బుర్రతో, ఇంకెవరి కాగితమూ జతచేయకుండా తెచ్చుకోగలిగినది ఒకటి ఉంది. అదీ తన ఇంట్లోనే, గరాజ్‌లో అట్టపెట్టె అడుగున పడి ఉంది.

మొగుడెవరని అడగరు అనుకుంది చూశారూ, అక్కడే పప్పులో కాలేసింది. ఆ సంగతి మాత్రం అప్పటికి తెలియదు.

చదువు మొదలైంది. నాలుగు వందల పైచిలుకు ప్రశ్నలు, వాటిలోంచి ముప్పై అయిదు ఇస్తారు. ఇరవై ఆరు రావాలి. శశికాంత్‌కి చెప్పలేదు. చెబితే అతను పాఠం చెప్పడం మొదలుపెడతాడని భయం. ఒక సాయంత్రం ఏదో మాటల్లో ఓమ్ సూత్రం అంటే ఏమిటో, నీళ్ల పైపుతో పోల్చి, పన్నెండేళ్ల కూతురికి చెప్పినట్టు ఆమెకి చెప్పాడు కూడా. ఏడేళ్లు అదే పాఠం చెప్పిన నళిని పోపు వేస్తూ శ్రద్ధగా విని, అలాగా అంది. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న భవితకి నవ్వు ఆగక బాత్రూమ్‌లోకి పరిగెత్తాల్సి వచ్చింది.

భవిత ఈ కుట్రలో భాగస్వామి. స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్తుంటే కార్లో వెనక కూర్చుని ఫోన్‌లో చూస్తూ ప్రశ్నలు అడిగేది, తల్లి సమాధానం చెప్పేది. కరెంటు ప్రశ్నలు ఉఫ్‌మని ఊదేసేది గానీ, ఏ ఫ్రీక్వెన్సీ ఎవరికి అన్న రూల్స్ దగ్గర తడబడేది. మూడు నెలల్లో అవీ నోటికొచ్చేశాయి.

పరీక్ష పెట్టేది కూడా హామ్‌లే. పై మెట్టు దాటినవాళ్లు వాలంటీర్లుగా ఎగ్జామినర్లు అవుతారు. ముగ్గురు ఎగ్జామినర్లు దగ్గరుండి రాయించాలి, ముగ్గురూ దిద్దాలి, ముగ్గురూ సంతకం పెట్టాలి. మార్చి నెలలో ఒక శనివారం కమ్యూనిటీ సెంటర్‌లో పరీక్ష ఉంది. ఆ ముగ్గురిలో శశికాంత్ ఒకడు. నళిని కావాలనే ఆ రోజే ఎంచుకుంది. తను రాసిన కాగితం అతను దిద్దాలి. సర్టిఫికెట్ మీద అతను సంతకం పెట్టాలి. అప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో చూడాలి. మూడు నెలల చదువులో ఆమె ఎక్కువసార్లు ఊహించుకున్నది ఆ ముఖాన్నే.

శనివారం పొద్దున్న శశికాంత్ తొమ్మిదింటికే వెళ్లిపోయాడు. అరగంట ఆగి తల్లీకూతుళ్లు బయల్దేరారు. డాడీ ఫేస్ నేను చూడాల్సిందే అని భవిత పట్టుబట్టి వచ్చింది.

కమ్యూనిటీ సెంటర్‌లో తలుపు పక్కనే బల్ల. దాని వెనక శశికాంత్ కూర్చుని, వచ్చినవాళ్ల గుర్తింపు కాగితాలు చూస్తున్నాడు. పక్కన కార్ల్, ఈ బృందానికి పెద్ద. టెలిఫోన్ కంపెనీలో రిటైరైన మనిషి, భుజాల మీదుగా ఎర్రటి సస్పెండర్లు. ఇంకో పక్క డొరీన్, రిటైర్డ్ నర్సు, ఒళ్లో ఊలు అల్లిక. భార్యని చూడగానే శశికాంత్ చేయి తన ముఖం మీదికి పోయింది.

“ఏంటి, కళ్లజోడు మర్చిపోయానా?” అన్నాడు. కళ్లజోడు ముఖం మీదే ఉంది.

నళిని పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న కాగితం పెట్టింది. పరీక్ష రాయడానికి వచ్చానండీ అంది.

అతను పాస్‌పోర్టు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. భవిత వంక చూస్తే అది రెండు బొటనవేళ్లు పైకెత్తి చూపించింది. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక అతని ముఖంలోకి వెలుగొచ్చింది. మూడు నెలలు ఊహించుకున్న దానికన్నా బాగుంది ఆ ముఖం. నళిని గుండె నిండిపోయింది. అది రెండు క్షణాలు ఉందేమో. మూడో క్షణంలో కరెంటు పోయినట్టు ఆ వెలుగు ఆరిపోయింది.

“నళినీ,” అన్నాడు గొంతు తగ్గించి, “నేను నీకు ఎగ్జామినర్‌గా ఉండకూడదు. భార్యకి, పిల్లలకి, అన్నదమ్ములకి పరీక్ష పెట్టకూడదని రూల్ ఉంది.”

ఆ రూల్ మూడో మెట్టు పరీక్షలో వస్తుంది. శశికాంత్ అది రాసి పాసయ్యాడు. నళిని చదివింది మొదటి మెట్టు పుస్తకం. అందులో ఆ ప్రశ్న లేదు.

“మరి మిగతా ఇద్దరూ ఉన్నారుగా?”

“ముగ్గురు ఉండాలి.”

కార్ల్ ఇటు తిరిగి ఏదైనా ఇబ్బందా అని అడిగాడు. అతని చేతిలోని జాబితాలో ఆమె పేరు ఉంది, నళిని కందిమళ్ల అని. మనవాళ్లలో పెళ్లయినా పాస్‌పోర్టులో పుట్టింటివారి ఇంటిపేరే ఉండిపోవడం మామూలే. శశికాంత్ బొల్లేపల్లికి, నళిని కందిమళ్లకి సంబంధం ఉందని కార్ల్‌కి ఎవరు చెప్పాలి? ఈ ఆలోచన నళినికి వచ్చింది. రాగానే నోటి నుంచి జారిపోయింది.

“ఇంటిపేర్లు వేరు కదండీ. మీరు ఊరుకుంటే వీళ్లకేం తెలుస్తుంది?”

అన్న మరుక్షణం సిగ్గేసింది. కాపీ కొట్టిన పిల్లల్ని తనే బెంచీ ఎక్కించి నిలబెట్టేది. పక్కన కూతురు వింటోంది. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. శశికాంత్ ఆమె కళ్లలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. పాస్‌పోర్టు అట్టని వేలితో ఒకసారి నిమిరాడు. తర్వాత కార్ల్ వైపు తిరిగాడు.

“షీ ఈజ్ మై వైఫ్,” అన్నాడు.

కార్ల్ సంబరపడి లేచి ఆమెకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఇచ్చాక లెక్క గుర్తొచ్చి అతని ముఖమూ వాడిపోయింది. ఈ రోజు ఎగ్జామినర్లు ముగ్గురే. ఒకరు తప్పుకుంటే ఇద్దరే. ఇద్దరితో పరీక్ష చెల్లదు. ఎంతో బాధపడుతూ, మళ్లీ మే నెలలో ఉంది, అప్పటికి నాలుగో మనిషిని తప్పకుండా పెట్టుకుంటాం అన్నాడు. ఇంకో ఐదుగురు రాయడానికి వచ్చి కూర్చున్నారు. వాళ్ల టైమైంది. తలుపు మూశారు. నళిని, భవిత వరండాలో బెంచీ మీద మిగిలారు.

ఈ ఐదేళ్లలో ఏది వచ్చినా శశికాంత్ భార్య కాబట్టి వచ్చింది. ఈ ఒక్కటీ శశికాంత్ భార్య కాబట్టి రాకుండా పోయింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది తన బతుకు అనుకుంది నళిని. ఏడుపు వచ్చేటట్టుంది. కానీ పిల్ల పక్కన ఏడవదల్చుకోలేదు.

“అమ్మా, డాడీ చెప్పకపోతే ఇట్ వుడ్ బీ ఫైన్ కదా?” అంది భవిత.

“ఫైన్ కాదమ్మా. ఆయన చేసింది కరెక్టే.”

కరెక్టే. ఆ కరెక్టు మీదే ఆమెకి ఒళ్లు మండిపోతోంది. మే నెలలో రాస్తే ఏం పోతుంది, పుస్తకం ఎక్కడికీ పోదు, చదివింది మర్చిపోదు. అయినా లోపల ఏదో తెగేదాకా వచ్చిందని తెలుస్తోంది. తలుపు తెరుచుకోగానే అతను బయటికొచ్చి ఏమంటాడో ఆమెకి ముందే తెలుసు. ఆ రెండు మాటలూ ఆ గొంతులోనే వినిపిస్తున్నాయి. ఈ రోజు కూడా తర్వాత చూద్దాం అన్నాడంటే, ఇక జన్మలో ఈ మనిషిని ఏదీ అడగను అనుకుంది. కోపంతో అనుకున్నది కాదు. ఎంతో నెమ్మదిగా, ఒక నిర్ణయంలాగా అనుకుంది. అలా నెమ్మదిగా అనుకున్నందుకే ఆమెకి భయమేసింది.

తలుపులో ఉన్న సన్నటి అద్దంలోంచి లోపల శశికాంత్ కనిపిస్తున్నాడు. రాసేవాళ్ల మధ్య తిరగకుండా గోడ గడియారం వంకే చూస్తున్నాడు. దానికింద ఒక నోటీసు అంటించి ఉంది, పన్నెండింటికి ఈ గదిలో జుంబా క్లాస్ అని.

పది యాభైకి ఐదుగురిదీ అయిపోయింది. ముగ్గురూ దిద్ది, సంతకాలు పెట్టి, నలుగురిని అభినందించి, ఒకరిని ఓదార్చి పంపారు. తలుపు తెరుచుకుంది. శశికాంత్ బయటికొచ్చాడు. నోరు తెరిచాడు. నళిని బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

“ఎక్కడికీ వెళ్లకు,” అన్నాడు.

అని పార్కింగ్ వైపు పరిగెత్తాడు. ఆఫీసుకి ఆలస్యమైనా, విమానం తప్పిపోయేలా ఉన్నా పరిగెత్తని మనిషి. తల్లీకూతుళ్లు కిటికీలోంచి చూస్తుండగానే కారు తలుపు తీసి, ఒక కాలు బయటే ఉంచి కూర్చుని, డ్యాష్‌బోర్డు కింద బిగించిన హామ్ రేడియో మైకు లాగాడు.

డొరీన్ వచ్చి ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లింది. కుర్చీలు చూపించి, మంచినీళ్లు ఇచ్చి, తన చేతి రేడియో తీసి బల్ల మీద పెట్టి సౌండ్ పెంచింది. చుట్టుపక్కల ఊళ్ల హామ్‌లందరూ వినే లోకల్ ఫ్రీక్వెన్సీ అది. ఎవరో ఇద్దరు ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందులో శశికాంత్ గొంతు దూరింది. ముందు కాల్‌సైన్ చెప్పాడు. రోజూ గరాజ్‌లో గోడ అవతల నుంచి వినిపించే గొంతే. కానీ రోజూ ఉండే జోరు లేదు. ఇంగ్లీషులో ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడుతున్నాడు.

పరీక్ష రాయడానికి ఒకరు వచ్చి కూర్చున్నారనీ, ఎగ్జామినర్ ఒకరు తక్కువయ్యారనీ చెప్పాడు. ఎవరైనా దగ్గర్లో ఉంటే వెంటనే రాగలరా అని అడిగాడు. అభ్యర్థి పేరు నళిని అన్నాడు. స్పష్టంగా వినిపించలేదేమో అని గాలిలో పేర్లు చెప్పే పద్ధతిలో ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట చొప్పున మళ్లీ చెప్పాడు. నవంబర్, ఆల్ఫా, లిమా, ఇండియా, నవంబర్, ఇండియా. ఆ ఆరు మాటలూ ఆమెని ఎవరో ఆరుసార్లు తట్టి పిలిచినట్టు వినిపించాయి.

ఎవరూ పలకలేదు. సెట్‌లో గరగర తప్ప ఏమీ లేదు. శశికాంత్ మళ్లీ మైకు నొక్కాడు.

ఆమె ఫిజిక్స్ లెక్చరర్ అన్నాడు. ఏడేళ్లు కాలేజీలో చెప్పింది. నాకు తెలియకుండా మూడు నెలలు చదువుకుని వచ్చింది. నేను ఆమె భర్తని, అందుకే నేను పనికిరాను. పన్నెండింటికి గది ఖాళీ చేయాలి. మేలో రాసుకోవచ్చు అంటున్నారు. కానీ నా వల్ల ఆమె ఇప్పటికే చాలా వాటికి ఆగింది. ఐదేళ్లుగా ఆగుతూనే ఉంది. ఇది కూడా ఆగడం నాకు ఇష్టం లేదు. ప్లీజ్ అన్నాడు.

ఇంట్లో కారం డబ్బా అందకపోతే అడగకుండా కారం లేకుండానే తినే మనిషి. ముక్కూ ముఖం తెలియని ఊరందరి ముందూ ప్లీజ్ అన్నాడు. నళిని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేసింది. తను ఆగుతున్నట్టు ఆయనకి తెలుసు. రోజూ తెలుసు. తెలిసి ఆ గరాజ్‌లోకి వెళ్లి కూర్చుంటున్నాడు. ఇంత మాట ఇంట్లో ఒక్కసారి అని ఉంటే ఎంత బాగుండేది అనుకుంటూనే, కళ్లనీళ్లు తుడుచుకుంది.

సెట్‌లోంచి ముసలి గొంతు ఒకటి పలికింది. వెర్నన్ అట, పక్కనే స్టెర్లింగ్‌లో ఉంటాడు. తనకీ ఎగ్జామినర్ కార్డు ఉందన్నాడు. ఇంటి కంచెకి రంగు వేస్తున్నాననీ, సగమే అయిందనీ, అది ఎటూ పారిపోదనీ, ఇరవై నిమిషాల్లో వస్తాననీ చెప్పాడు. వెనకాల ఎవరో పెద్దావిడ ఆ రంగు డబ్బా మూత పెట్టి చావు అని అరవడం కూడా గాలిలో కలిసి వచ్చింది. భవిత చప్పట్లు కొట్టింది.

డొరీన్ అల్లిక పక్కన పెట్టి నళిని చేయి పట్టుకుంది. నాలుగేళ్లుగా ఈ ఎక్స్‌వైఎల్ భోజనానికి పిలవడం వింటున్నాననీ, ఆమెకొక పేరుందని ఈరోజే తెలిసిందనీ అంది.

వెర్నన్ పదకొండూ ఇరవైకి వచ్చాడు. చొక్కా నిండా ఆకుపచ్చ రంగు మరకలు. చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ల సందుల్లో రంగు పోలేదు. కార్ల్, డొరీన్, వెర్నన్, ముగ్గురూ అయ్యారు. శశికాంత్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. రూల్ ప్రకారం ఇప్పుడు ఇతను ఉండాల్సింది అవతలే. భవిత కూడా వెళ్లి అతని పక్కన నిలబడింది. కార్ల్ నవ్వుతూ తలుపు అతని ముఖం మీదే మూశాడు.

నళిని రాయడం మొదలుపెట్టింది. తల ఎత్తినప్పుడల్లా తలుపు అద్దంలో శశికాంత్ తల ఇటునుంచి అటు పోతోంది, మళ్లీ అటునుంచి ఇటు వస్తోంది, కాలుగాలిన పిల్లిలాగా. భవిత పుట్టినప్పుడు కూడా ఇంత తిరగలేదు మహానుభావుడు. అప్పుడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. తొమ్మిదో ప్రశ్న ఓమ్ సూత్రం మీద. ఇన్ని వోల్టులు, ఇన్ని ఓమ్‌లు, కరెంటు ఎంత. నీళ్ల పైపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వెర్నన్ ఆమె నవ్వుని అనుమానంగా చూశాడు.

పదిహేడు నిమిషాల్లో ముగించి కాగితం ఇచ్చేసింది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు దిద్దారు. ఎవరి అంకె వాళ్లు విడిగా వేసుకుని, చివర్లో సరిచూసుకున్నారు. ముప్పై అయిదుకి ముప్పై నాలుగు. తప్పిన ఒక్కటీ ఫ్రీక్వెన్సీల రూల్. మొదట సరిగ్గానే పెట్టి, మళ్లీ అతి తెలివికి పోయి మార్చింది. కార్ల్ సర్టిఫికెట్ నింపాడు. తను సంతకం పెట్టి డొరీన్‌కి ఇచ్చాడు. డొరీన్ పెట్టి వెర్నన్‌కి ఇచ్చింది. వెర్నన్ నాలుక కొరుక్కుంటూ, రంగు అంటకుండా జాగ్రత్తగా, మూడో సంతకం పెట్టాడు. అయినా కాగితం మూల మీద ఆకుపచ్చటి బొటనవేలి ముద్ర పడనే పడింది. అది చూసి అతను చాలా నొచ్చుకున్నాడు. ఫరవాలేదని నళిని పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లో ప్రభుత్వం జాబితాలో నీ పేరూ కాల్‌సైనూ కనిపిస్తాయి, అప్పటిదాకా మైకు ముట్టుకోకు అని కార్ల్ హెచ్చరించాడు.

తలుపు తీసేసరికి వరండాలో జుంబా వాళ్లు రంగురంగుల బూట్లతో గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలో శశికాంత్. మధ్యాహ్నం ఎండ పడుతున్నా చలికోటు గుండీలన్నీ పెట్టుకుని, ఆమె చేతిలోని కాగితం వంకే చూస్తున్నాడు. భవిత తల్లి ముఖం చూసి ముందే ఎగిరి గంతేసింది.

నళిని కాగితం అతని చేతికిచ్చింది.

శశికాంత్ కళ్లజోడు పైకి జరుపుకుని చదివాడు. మీద ఆమె పేరు. కింద ఏ పరీక్ష పాసయిందో. ఆ కింద తేదీ, కార్ల్, డొరీన్, వెర్నన్. మళ్లీ పైనుంచి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. జుంబా వాళ్లు ఒకరొకరే లోపలికి పోతున్నారు, వీళ్లని తప్పించుకుంటూ.

“ఇందులో నా పేరు ఎక్కడా లేదు,” అన్నాడు.

నళిని పక్కకి వచ్చి తనూ చూసింది. మూడు నెలలపాటు ఈ కాగితం మీద ఇతని సంతకం కోసమే కలలు కన్నది. ఇప్పుడు పై అంచు నుంచి కింది అంచు దాకా వెతికింది. ఎక్కడా లేదు. ఐదేళ్లలో తన చేతికొచ్చిన కాగితాల్లో ఆ పేరు లేనిది ఇదొక్కటే.

“లేదండీ,” అంది.

“బాగుంది,” అన్నాడు శశికాంత్. ఇంటి కాగితాలన్నీ పెట్టే ఫైలు ఎప్పటిలాగే అతని చంకలో ఉంది. దాన్ని తెరవలేదు. సర్టిఫికెట్ మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని ఆమెకే ఇచ్చేశాడు.